రెండో బ్రేకు

కారు గీత దాటింది.

ఎంతో కాదు, ముందు చక్రాలు మాత్రమే. అయినా దాటడం దాటడమే. పరీక్ష మైదానం చివర కంచె పట్టుకుని నిలబడ్డ మాస్టారికి, అంత దూరం నుంచి కూడా, తెల్లగీత చక్రాల కింద మాయమవడం స్పష్టంగా కనిపించింది. బూటులో ఆయన కుడికాలి వేళ్లు ముడుచుకున్నాయి.

పరీక్షాధికారి ముందు దిగాడు. గీతల విషయంలో ఆయన పట్టింపు చూసి ఊళ్లోని డ్రైవింగు స్కూళ్ల వాళ్లంతా ఆయనకి గీతాచార్యుడని పేరు పెట్టారు. ఆ పేరు ఆయన చెవిన కూడా పడింది, లోలోపల ఇష్టమే. వెనకే స్టీరింగు వదిలి మాస్టారి కోడలు దిగింది. కారు వంక చూసింది, గీత వంక చూసింది, మాస్టారి వంక మాత్రం చూడలేదు.

"ఏమిటి మాస్టారూ ఇది?" అన్నాడు గీతాచార్యుడు కంచె దగ్గరికొస్తూ. "మలుపులు వెన్నలా తిప్పింది. వెనక్కి పెట్టడం చూస్తే నాకే ముచ్చటేసింది. తీరా ఆపమంటే గీతనెక్కి తొక్కింది."

"కంగారు పడి ఉంటుంది సార్."

"ఈ అమ్మాయి ఒక్కతే అయితే నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మొన్నటి గుమాస్తా? అంతకు ముందు ఆ లావుపాటి వంటాయన? మీ స్కూలు వాళ్లందరికీ ఈ మధ్య ఒకటే జబ్బు. ఎక్కిస్తారు, దించుతారు, తిప్పుతారు. ఆపరు." గొంతు కాస్త తగ్గించాడు. "పెద్దాయన ఉన్న రోజుల్లో మీ స్కూలు వాళ్లు వస్తున్నారంటే నేను గీత వంక చూసే పనే ఉండేది కాదు."

మాస్టారి దవడ బిగుసుకుంది. తండ్రి ప్రస్తావన వస్తే ఈ మధ్య ఆయనకి అలాగే అవుతోంది. "ఆ రోజులు వేరు సార్."

"రోజులు వేరు కావచ్చు. గీత అదే." జేబులో పెన్ను పెట్టుకుని గీతాచార్యుడు వెనక్కి తిరిగాడు. "శుక్రవారం పొద్దున మళ్లీ తీసుకురండి. అంతకు మించి నా చేతుల్లో లేదు."

సోమవారం నాటికి లైసెన్సు చూపిస్తేనే బడి వ్యాను తాళాలు కోడలి చేతికొస్తాయి. లేకపోతే ఆ ఉద్యోగం కోసం ఇంకో ఇద్దరు గేటు దగ్గర కాచుకుని ఉన్నారని బడి హెడ్‌మిస్ట్రెస్ మొహం మీదే చెప్పింది. భర్త పోయాక కోడలు తనంతట తాను వెతుక్కున్న మొదటి పని అది. ఇంట్లో కూర్చుంటే గోడలు కూడా తనని ఓదారుస్తున్నాయని ఆమె అత్తగారితో అంటుంటే మాస్టారు విన్నారు.

ఇంటికెళ్లేటప్పుడు కారు మాస్టారే నడిపారు.

"పరీక్షకిచ్చిన ఆ ఆఫీసు కారు బ్రేకు బిగుతుగా ఉంది మావయ్యా," అంది కోడలు. "మన కారుకి పాదం ఆనిస్తే చాలు, దిగిపోతుంది. దానికి తొక్కినా దిగదు."

"ఒక్కో కారు ఒక్కో రకం. రేపు గట్టిగా తొక్కడం ప్రాక్టీసు చేద్దాం."

చౌరస్తా ముందు మాస్టారు ఎప్పటిలాగే ఎడమ సందులోకి తిప్పేశారు. ఆ దారి చుట్టు. కొడుకు పోయిన దగ్గర్నుంచి వాళ్ల కారు చౌరస్తా మీదుగా వెళ్లలేదు. ఎందుకని కోడలు ఏనాడూ అడగలేదు.

*

మర్నాడు పొద్దున పాత గోదాముల వెనకున్న ఖాళీ రోడ్డు మీద పాఠం మొదలైంది. మాస్టారు సుద్దముక్కతో రోడ్డుకి అడ్డంగా గీత గీసి వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు.

ఆ సీటు ముందు, నేలలోంచి పొడుచుకొచ్చిన రెండో బ్రేకు పెడలు ఉంది. డ్రైవింగు స్కూలు కార్లన్నిటికీ ఉంటుంది. ఇక్కడ మాస్టారు తొక్కితే కింద కడ్డీ లాగి, అక్కడ నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గరున్న అసలు పెడలు కూడా కిందికి దిగుతుంది. పీకల మీదికొస్తే తప్ప దాన్ని ముట్టకూడదు. మాస్టారు కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఆ మాట చెబుతారు.

"క్లచ్ పూర్తిగా తొక్కు. గేరు వెయ్యి. ఆ... నెమ్మదిగా వదులు, కోడిపిల్లని నేల మీద వదిలినట్టు. పోనీ. రెండో గేరు. ఇంజను అరుస్తోంది, విను. మూడు. గీత కనిపిస్తోందా? ఇప్పుడు."

కారు మెత్తగా మందగించి, సుద్దగీతకి మూరెడు ఇవతల ఆగింది.

"చూశావా! నిన్న నీకేం పుట్టింది అసలు?" అన్నారు మాస్టారు హుషారుగా.

కోడలు వెనక్కి పెట్టుకుంది. మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగింది. మూడోసారి వెనక్కి వెళ్లాక చెప్పులు విప్పేసి వెనక సీటు కిందికి తోసింది.

"ఎందుకూ?"

"వేడిగా ఉంది."

కారు కదిలింది. రెండో గేరు. గీత దగ్గర పడుతోంది. "ఇప్పుడు," అన్నారు మాస్టారు. కారు మందగించింది. వణికింది. ఇంజను దగ్గి చచ్చిపోయింది. గీతకి మూరెడు ఇవతల కారు నిలబడిపోయింది.

"క్లచ్ తొక్కలేదు నువ్వు," అన్నారు మాస్టారు.

"బ్రేకు కూడా తొక్కలేదు మావయ్యా."

"తొక్కకుండా ఎలా ఆగుతుంది?"

"నా కాళ్లు చూడండి."

మాస్టారు వంగి చూశారు. ఆమె రెండు పాదాలూ సీటు కిందికి, వెనక్కి ముడిచి ఉన్నాయి. వాటి ముందు బ్రేకు పెడలు ఒంటరిగా, నేలదాకా అణిగి ఉంది. ఎవరో కనిపించని మనిషి తొక్కి పట్టుకున్నట్టు.

ఆయన చూపు మెల్లగా ఇవతలికొచ్చింది. తన కుడికాలు చాచి ఉంది. బూటు కింద రెండో పెడలు. మోకాలు కర్రలా బిగుసుకుని ఉంది. తీద్దామనుకున్నారు, తీయడానికి కాస్త టైం పట్టింది. కాలు లేవగానే అక్కడ ఆ పెడలు కూడా టక్కుమని పైకి లేచింది.

"మొన్నటి దాకా నేనే ఆపుతున్నాననుకున్నాను," అంది కోడలు, పెడలు వంకే చూస్తూ. "పాదం కింద అది దిగిపోతుంటే నేనే తొక్కాననుకున్నాను. మెచ్చుకుంటుంటే సంతోషపడ్డాను కూడా. నిన్న ఆఫీసు కారులో పాదం ఆనిస్తే అది దిగలేదు. రాత్రంతా అదే ఆలోచన."

"నాకు... నాకు తెలీదమ్మాయ్."

"మీరు కావాలని చేశారని నేననలేదు."

ఆమె గొంతులో కోపం లేకపోవడమే మాస్టారికి భరించరానిదైంది. సీట్లో నిటారుగా కూర్చున్నారు. "తొక్కితే తొక్కాను! తప్పేముంది? పక్కన కూర్చున్నవాడి కాలు బ్రేకు మీద ఉండాలి. దానికే ఆ పెడలు పెట్టింది. మా నాన్నలా కాళ్లు రెండూ సీటు మీదికి మడుచుకుని, బాసింపట్టేసుకుని, పెళ్లిలో కూర్చున్నట్టు కూర్చుంటే మాస్టారైపోతారా? అలా నేర్పే కదూ మా వాణ్ణి..."

"ఆయన ఆగి ఉన్నాడు మావయ్యా."

మాస్టారు ఆమె వైపు తిరిగారు.

"చౌరస్తాలో ఎర్ర దీపం దగ్గర, గీతకి ఇవతల, ఆగి ఉన్నాడు. ఆపడం రాక పోలేదు. వెనక లారీవాడికి బ్రేకు పడలేదు. ఆయన పక్కన మీరున్నా, తాతయ్యగారున్నా, ఎంతమంది ఎన్ని పెడళ్లు తొక్కినా అంతే." ఆమె వెనక్కి వంగి చెప్పులు అందుకుంది. "ఇవాళ్టికి చాలు."

*

మెకానిక్కుని అందరూ స్పానర్ అంటారు. కారు కింద ఉన్నా, పీటల మీద ఉన్నా చేతిలో ఒకటి ఉండాల్సిందేనని భార్య తిట్టిపోస్తుంది. మాస్టారు మధ్యాహ్నం కారు నేరుగా అతని షెడ్డులోకి పోనిచ్చారు.

"రెండో బ్రేకు పీకెయ్."

స్పానర్ కారు కింద నుంచి తల బయటపెట్టాడు. "ఎండ దెబ్బ తగిలిందా మాస్టారూ?"

"పీకెయ్యమంటే పీకెయ్."

స్పానర్ లేచి, చేతులు గుడ్డకి తుడుచుకుని, తలుపు తీసి, పక్క సీటు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. టార్చి వేసి చూశాడు. పెడలు మీది రబ్బరు ఒకవైపు అరిగి లోపలి ఇనుము తెల్లగా మెరుస్తోంది. దాన్ని బొటనవేలితో రుద్దాడు.

"చలికాలంలోనే కదా రబ్బరు మార్చాను. మళ్లీ ఇనుము తేలిందేంటి?" అన్నాడు. "పెద్దాయన కారు నాకు ఎన్నిసార్లు తెచ్చారో లెక్కలేదు. క్లచ్ ప్లేటు మార్చాను, డోరు మార్చాను, ఇంజనే దించి ఎక్కించాను. ఈ రబ్బరు మాత్రం ఆయనతోపాటు ముసలిదై, ఎండి, దానంతటదే రాలిపోయింది."

"ఆయన సంగతి నేనడగలేదు."

"నేనూ రబ్బరు సంగతే చెబుతున్నా. ఇది పీకితే స్కూలు మూతపడుద్ది, మీకు తెలుసు. పీకనంటే పీకను." లేచి నిలబడ్డాడు. "అయినా ఇది పీకి నా దగ్గర పారేస్తే మాత్రం ఏం లాభం? కాలు మీ దగ్గరే ఉంటుందిగా. దాన్ని పీకే స్పానరు నా దగ్గర లేదు."

మాస్టారు కారు వెనక్కి తీశారు. షెడ్డు గుమ్మం దాటుతుంటే స్పానర్ వెనకాల నుంచి అరిచాడు. "రబ్బరైనా మార్చమంటారా?"

"వద్దు!"

*

గురువారం పాఠానికి మాస్టారు ఒక నిర్ణయంతో వచ్చారు. కాలికి తను యజమాని. యజమాని చెప్పినట్టు వినాలి, అంతే. సీట్లో కూర్చోగానే చీలమండలు రెండూ ఒకదాని మీదొకటి వేసి మెలిపెట్టుకున్నారు. చేతులు తొడల మీద పెట్టి అదిమి పట్టుకున్నారు.

"సిద్ధమా మావయ్యా?"

"నన్నడుగుతావేంటి? నడిపేది నువ్వు."

గోదాముల రోడ్డు మీద కాలు బాగానే మాట వింది. కారు గీత దాటింది, ఒకసారి కాదు, పదే పదే. దాటినప్పుడల్లా కోడలు పెదవి కొరుక్కుని వెనక్కి పెట్టుకుంది. అసలు పెడలు బరువు ఆమె పాదానికి ఇప్పుడిప్పుడే పరిచయమవుతోంది. చివర్లో ఒకసారి చక్రం సరిగ్గా గీత అంచుకి ఆనుకుని ఆగింది. ఆమె నవ్వింది. మాస్టారి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"బజారు రోడ్డుకి పోనీ," అన్నారు. అనకుండా ఉండాల్సింది.

బజారు రోడ్డు మొదట్లో, పూలకుండీలమ్మే కొట్టు ముందు నుంచి ఒక స్కూటరువాడు కుడి ఎడమ చూడకుండా రోడ్డెక్కాడు. కోడలు చూసింది. చూడటమే కాదు, ఆమె పాదం అప్పటికే కదిలింది. కానీ మాస్టారి చీలమండలు ఎప్పుడు విడివడ్డాయో, కాలు ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పడిందో ఆయనకే తెలియలేదు. కారు గుద్దుకున్నట్టు ఆగిపోయింది. వెనకసీట్లోని సుద్దడబ్బా ఎగిరి డాష్‌బోర్డుకి తగిలింది. వెనకెవరో హారను మీద చెయ్యి పెట్టి తీయడం లేదు.

స్కూటరువాడు కిటికీ దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూశాడు. "నేర్పేవాడికి ముందు ఎవరైనా నేర్పండయ్యా!" అని వెళ్లిపోయాడు.

కోడలు కారు పక్కకి తీసి ఇంజను ఆపింది. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి ముందుకి చూస్తూ కూర్చుంది.

"నేను తొక్కాను మావయ్యా. మీకంటే ముందే."

"వాడు అడ్డమొచ్చాడు కదా..."

"వచ్చాడు. సోమవారం నుంచి వ్యాను నడిపేటప్పుడు కూడా వస్తారు. వెనక పిల్లలుంటారు. పక్కన మీరుండరు." ఆమె తల తిప్పి ఆయన్ని చూసింది. "మీ దగ్గర అన్నీ నేర్చుకోగలను. ఆపడం మాత్రం నేర్చుకోలేను. సాయంత్రం మార్కెట్టు పక్క స్కూల్లో అడుగుతాను. రేపు పరీక్షకి ముందు ఒక గంట కారు ఇమ్మంటాను."

"ఆ టోపీవాడి దగ్గరా? వాడు పాఠం చెబుతూ ఫోను చూసుకుంటాడు! రోడ్డు మీద ఏముందో వాడికే తెలీదు!"

"నాక్కావలసింది అదే. ఫోను చూసుకునేవాడు."

ఆమె దిగి, తలుపు మెల్లగా వేసి, బజారు జనంలోకి నడిచిపోయింది. మాస్టారు పక్క సీట్లోనే చాలాసేపు కూర్చుండిపోయారు. స్టీరింగు ముందు సీటు ఖాళీగా ఉంది. ఆయన కుడికాలు ఇంకా పెడలు మీదే ఉంది.

*

"కాలు చాపండి," అంది భార్య.

"ఏం లేదు, తగ్గిపోతుంది."

"నిన్న సాయంత్రం నుంచి కుంటుతున్నారు. చాపండి."

మంచం మీద కూర్చున్న మాస్టారు కాలు చాపారు. ఆవిడ పంట్లాము పైకి మడిచి, వేడినీళ్ల రబ్బరు సంచి మోకాలి మీద పెట్టి, పైన తువ్వాలు చుట్టింది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ గోడ మీద రెండు ఫోటోల కింది అంచుల దాకా వచ్చి ఆగింది. ఒకటి కొడుకుది, ఒకటి పెద్దాయనది. మాస్టారు ఒకదాని వంకే చూస్తారని ఆవిడకి తెలుసు.

"తొక్కి తొక్కి అరిగిపోయింది ఇది," అంది ఆవిడ సంచి సర్దుతూ. "కారులో తొక్కితే ఉద్యోగం అనుకుంటాను. బస్సులో ముందు సీటాయన నడుం మీద తొక్కారు. మంచం మీద కూడా తొక్కుతున్నారు. ఆ దుప్పటికి చిరుగు ఎలుకల వల్ల పడిందనుకున్నారా?"

"కోడలు ఆ టోపీవాడి దగ్గరికెళ్లింది."

"నాకు చెప్పే వెళ్లింది."

"ఆపలేదా నువ్వు?"

"ఆపడానికి నాకు పెడలు లేదుగా."

మాస్టారికి నవ్వు రాలేదు. వేడి మోకాలిలోకి దిగుతుంటే కళ్లు మూసుకున్నారు. సంచికున్న రబ్బరు వాసన ఎక్కడో తెలిసిన వాసన. కళ్లు తెరిచారు. "ఇది నాన్న సంచి కదూ?"

"ఆయనదే. అదే సంచి, అదే మోకాలు. మావయ్యగారికైతే రెండిటికీ పెట్టాల్సొచ్చేది. ఎవరికైనా ఆఖరి పాఠం ఉన్న రోజున పొద్దుటే చెప్పేవారు, అమ్మాయ్, ఇవాళ నీళ్లు కాచి ఉంచు అని."

"ఆఖరి పాఠానికీ మోకాళ్లకీ ఏమిటి సంబంధం?"

భార్య ఆయన్ని వింతగా చూసింది. "ఆఖరి పాఠానికే కదా కాళ్లు మడిచి కూర్చునేది? వచ్చాక కారులోంచి దిగలేకపోయేవారు. ఒక కాలు నేను, ఒక కాలు పిల్లాడు, తర్వాతర్వాత కోడలు, మెల్లగా లాగి దించేవాళ్లం. పళ్లు బిగబట్టి ఊరుకునేవారు. మీరు స్కూల్లో ఉండేవారు, మీకెలా తెలుస్తుంది?"

"అంత నొప్పైతే మడవడం దేనికి? సుఖంగా ఉంటుందని కదా అలా కూర్చునేది?"

"సుఖమా!" ఆవిడ తువ్వాలు విప్పి మళ్లీ చుట్టింది. "నేనూ అడిగాను. కాలు కింద ఉంటే నా మాట వినదమ్మాయ్ అన్నారు. వాళ్లు కారు తీయగానే పెడలు మీదికి పోతుందట. అందుకే దాన్ని మడిచి మీద కూర్చుంటాను అన్నారు. మొదటిసారి మీకు నేర్పేటప్పుడు అలా కూర్చున్నారట. అంతకు ముందు ఎవరి పక్కనా ఆయనకి భయమే లేదట."

మాస్టారు సంచి కింద మోకాలిని చూసుకున్నారు.

ఆ రోజు ఆయనకి బాగా గుర్తుంది. మీసాలు కూడా సరిగా రాని వయసు. స్టీరింగు పట్టుకుని పక్కకి చూశాడు. తండ్రి రెండు కాళ్లూ మడుచుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈల వేస్తున్నాడు. కొడుకు ఎక్కడ గుద్దుకున్నా పట్టనట్టు. నాకు కొడుకు పుడితే ఇలా మాత్రం చేయనని అప్పుడే అనుకున్నాడు. కొడుకు పుట్టాడు. అతని పక్కన కూర్చుని ఇంతెత్తున అరిచి, అంత గట్టిగానూ తొక్కి, చివరికి ఆ పిల్లాడు తాత దగ్గరే నేర్చుకుంటానని ఏడిచేదాకా తెచ్చారు.

"ఈల కూడా వేసేవాడు," అన్నారు మాస్టారు.

"నొప్పికి."

గోడ మీది ఎండ ఫోటోల్లోకి ఎక్కింది. ఆవిడ సంచి తీసి చేత్తో వేడి చూసి మళ్లీ పెట్టింది. ఆ మాట అనాలా వద్దా అని కాసేపు తటపటాయించింది. తర్వాత అంది. "పిల్లాడు చనిపోయిన వారంలో మావయ్యగారితో, నీ కాళ్లు కింద పెట్టి నేర్పి ఉంటే నా కొడుకు బతికేవాడు అన్నారు మీరు. ఆయన తిరిగి ఒక్క మాటనలేదు. మళ్లీ కారెక్కలేదు. ఆ తర్వాత కాళ్లు మడవడం నేను చూడలేదు. కుర్చీలో కూర్చున్నా కిందికే. మంచం పట్టాక కూడా చాపుకునే."

మాస్టారు మొదటిసారి రెండో ఫోటో వంక చూశారు. తర్వాత తువ్వాలు తనే విప్పి, సంచి పక్కన పెట్టి, కుడికాలు చేతుల్తో పట్టుకుని మెల్లగా మడవబోయారు. సగంలో ఆగిపోయింది. పళ్లు బిగబట్టారు.

"ఏం చేస్తున్నారు?"

"ప్రాక్టీసు," అన్నారు మాస్టారు.

*

శుక్రవారం పొద్దున కోడలు బయటికొచ్చేసరికి కారు గుమ్మం ముందు తుడిచి ఉంది. డ్రైవరు వైపు తలుపు తీసి ఉంది. మాస్టారు పక్క సీట్లో కూర్చుని ఉన్నారు.

"టోపీ మాస్టారు వస్తానన్నారు మావయ్యా..."

"ఫోను చేసి చెప్పు, వద్దని. వాడికి ఫోనంటే ఇష్టమే కదా."

ఆమె ఏదో అనబోయి ఆగింది. ఆయన బూట్లు వెనక సీటు మీద ఉన్నాయి, మేజోళ్లు వాటిలో దోపి. ఆయన రెండు కాళ్లూ సీటు మీద మడిచి ఉన్నాయి. సరిగ్గా కుదరలేదు, ఒక మోకాలు తలుపుకి, ఒకటి గేరు కడ్డీకి తగులుతోంది. నుదుటి మీద చెమట పట్టింది. కిటికీలోంచి అత్తగారు చూస్తోంది.

కోడలు ఎక్కి కూర్చుంది. అద్దం సర్దుకుంది. "ఎటు పోనివ్వమంటారు?"

"వ్యాను ఎటు పోతుందో అటు."

"వ్యాను చౌరస్తా మీదుగా పోతుంది."

"తెలుసు."

కారు కదిలింది. వీధి మలుపు. పాల బండి. కుక్క. ప్రతి చోటా మాస్టారి ఒళ్లు కాలిని పిలిచింది. కాలు లేవబోయింది, మడతలో ఇరుక్కుని నొప్పి పెట్టి ఊరుకుంది. చుట్టుదారి సందు వచ్చింది. ఆయన రోజూ తిరిగే సందు. కోడలు దాని వంక చూడకుండా నేరుగా పోనిచ్చింది.

చౌరస్తా దూరం నుంచే కనిపించింది. పచ్చ దీపం. ఇంకాస్త దగ్గరికెళ్లేసరికి పసుపు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూపు తిప్పుకున్నారు. ఈల వేద్దామనుకున్నారు. పెదవులు ఎండిపోయి గాలి మాత్రం వచ్చింది.

ఎర్ర దీపం.

కోడలు బ్రేకు తొక్కింది. మొదట గట్టిగా, తర్వాత మెత్తగా, చివర్లో పాదం కాస్త వదిలి. గీతకి ఇవతల కారు ఆగింది. తల కూడా ముందుకి ఊగలేదు.

అప్పుడు పక్క అద్దంలో లారీ కనిపించింది.

అద్దం నిండా వస్తోంది. కోడలు కూడా చూసింది. స్టీరింగు మీద ఆమె వేళ్లు తెల్లబడ్డాయి. పోవడానికి దారి లేదు, చేయడానికి ఏమీ లేదు. ఆగి ఉండటం తప్ప. మాస్టారికి ఆ క్షణంలో తన కొడుకు మొహం కనిపించింది. భయపడుతూ కాదు. మామూలుగా, దీపం ఎప్పుడు మారుతుందా అని చూస్తూ.

లారీ పెద్దగా నిట్టూర్చి, వెనక ఆగింది.

ఇద్దరూ కాసేపు ఊపిరి తీయడమే పనిగా పెట్టుకున్నారు.

"ఆయన కూడా ఇలాగే ఆపి ఉంటాడు కదూ మావయ్యా," అంది కోడలు దీపం వంకే చూస్తూ.

"ఇంతకంటే బాగా ఆపేవాడు." మాస్టారు అద్దంలో లారీని చూశారు. "వాడికి మా నాన్న నేర్పాడు."

ఆమె చేతి వెనక భాగంతో ముక్కు తుడుచుకుంది. పచ్చ దీపం పడింది. వెనక లారీవాడు హారను కొట్టాడు.

"కొట్టుకోనీ," అన్నారు మాస్టారు. "కోడిపిల్లని వదిలినట్టు వదులు."

*

పరీక్ష మైదానంలో ఆఫీసు కారు సిద్ధంగా ఉంది. కోడలు దిగి, చుట్టూ తిరిగి ఇటు వైపు వచ్చి తలుపు తీసింది.

"దిగండి మావయ్యా."

"దిగలేను. రెండు కాళ్లూ మొద్దుబారాయి."

"పట్టుకుని లాగనా? నాకు అలవాటే." నవ్వుతోంది గానీ కళ్లు తడిగా ఉన్నాయి. "తాతయ్యగారికి ఎడమ కాలు నా వంతు."

"తర్వాత. ముందు వెళ్లు."

గీతాచార్యుడు పెన్ను తీస్తూ వచ్చాడు. కారులోకి వంగి చూసి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. "అయ్య బాబోయ్! పెద్దాయన వచ్చి కూర్చున్నాడనుకున్నాను!" అని, మాస్టారి మొహం చూసి, నాలుక కరుచుకోబోయాడు.

"పోలికలు కదా సార్," అన్నారు మాస్టారు.

ఆఫీసు కారు కదిలింది. మాస్టారు అద్దంలోంచి చూస్తూ కూర్చున్నారు. దిమ్మె ఎక్కింది, దిగింది. కర్రల మధ్య వంకర్లు తిరిగింది. వెనక్కి వెళ్లి గడిలో కూర్చుంది. తర్వాత మైదానం ఆ చివర నుంచి గీత వైపు నేరుగా రావడం మొదలుపెట్టింది. రెండో గేరు. మూడు. వేగంగానే వస్తోంది.

చాలా వేగంగా వస్తోందనిపించింది మాస్టారికి.

మొద్దుబారిన కాలిలో ఉన్నట్టుండి ప్రాణం వచ్చింది. వేళ్లు విచ్చుకున్నాయి. మడమ పక్కకి జరిగి, కిందికి, పెడలు వైపు జారబోయింది. మాస్టారు దాన్ని రెండు చేతుల్తో పట్టి వెనక్కి తోసి, దాని మీద ఇంకాస్త బరువుగా కూర్చున్నారు. మోకాలు కలుక్కుమంది. ఆయన పెదవుల మధ్య నుంచి, ఈసారి సన్నగా, ఈల వచ్చింది.

గీతకి ఇవతల కారు ఆగింది. ఆపింది కోడలు.